శాస్త్ర వ్యాసములు - వానిని వెదకు మార్గములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమనగా గ్రంథములుండు చోటని జనులు సామాన్యముగా తలంతురు. కథలు, నవలలు, పురాణములు, దినపత్రికలు చదువ వచ్చువారే యెచ్చటనైనను ఎక్కువ. కాని లోకమున నానాటికి పుట్టుచున్న క్రొత్త జ్ఞానములో అధికభాగము మొదట గ్రంథరూపమున వెలువడదు. వైద్యుడు కనిపెట్టిన రోగలక్షణమైనను, ఇంజనీరు కనిపెట్టిన నీటిశుద్ధి పద్ధతియైనను, ముందుగా నాలుగైదు పుటల వ్యాసముగా నేదో యొక శాస్త్రపత్రికలో అచ్చగును. అది ఇంగ్లీషు పాఠ్యపుస్తకములోనికి వచ్చుటకు కొన్ని సంవత్సరములు పట్టును. తెలుగు పుస్తకములోనికి ఎన్నటికిని రాకయే పోవచ్చును. కావున గ్రంథముల బీరువాతోనే ఆగిపోయిన పాఠకుడు జ్ఞానపు వాకిటనే ఆగిపోయినట్లగును.

ఇది విశ్వవిద్యాలయ పండితుల గొడవయే గాని పల్లెటూరివారికి పట్టినది కాదని కొందరికి తోచవచ్చును. అట్లు కాదని చూపుటకు తెలుగువారు చిరకాలముగా ననుభవించుచున్న యొక బాధనే ఉదాహరణముగా గైకొనుట మంచిది. అది బావులలోని ఫ్లోరైడు నీరు. ఆ నీరు త్రాగిన బిడ్డల పండ్లమీద గోధుమవన్నె చారలు పడును. ఏండ్ల తరబడి త్రాగినవారి నడుము బిగిసిపోవును, కీళ్లు కదలవు, కొందరికి ఎముకలు వంకరలు తిరుగును. అట్టి గ్రామమునుండి ఒక పాఠకుడు గ్రంథాలయమునకు వచ్చి, "మా ప్రాంతపు నీటిని గురించి ఎవరైనను ఎప్పుడైనను శాస్త్రరీతిని ఏమైనను వ్రాసిరా?" అని యడిగెననుకొందురుగాక. గ్రంథపాలకుని యొద్ద ఒక కంప్యూటరో, అదియు లేనిచో ఒక సెల్‌ఫోనో ఉన్నది. వారిద్దరును కూర్చుండి వెదకుటకు మొదలిడిరి. వారి ముందున్న పని యెట్టిదో చూడవలెను.

సాధారణముగా మొట్టమొదట తట్టు మాటలు "తెలంగాణ, ఫ్లోరోసిస్" అనునవి. ఆ రెండు మాటలతో వెదకినచో వ్యాసములు రాకపోవు, వచ్చును. కాని వచ్చినవన్నియు ఇటీవలివే. మూలమైన వ్యాసములు వానిలో కనబడవు. కారణము మిక్కిలి సులభమైనది. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము వ్రాసిన వ్యాసములో ఆ ప్రాంతము ఆంధ్రప్రదేశములోనిది. 1956 నవంబరునకు పూర్వము వ్రాసిన వ్యాసములో అది హైదరాబాదు రాష్ట్రములోనిది. 1955లో ఏ. హెచ్. సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి ఆరు పుటల వ్యాసమును ప్రకటించెను. దాని శీర్షికలో నున్నది "హైదరాబాద్-దక్కన్" అను పేరు. సింధుదేశమున మరియొక హైదరాబాదు కలదు గనుక గుర్తునకై ఆనాటివారు దక్కను అను మాటను చేర్చుచుండిరి. నేటికిని హైదరాబాదు అని మాత్రమే వెదకినచో పాకిస్తాను వ్యాసములు వచ్చి నడుమ చేరుట కలదు.

అంతకంటె పూర్వపు వ్యాసము మరియొకటి యున్నది. 1937లో మదరాసు గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్రాసిరి. ఈ దేశమున మనుష్యులలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిన తొలి వ్యాసముగా దానినే తరువాతి పరిశోధకులు పేర్కొనుచుందురు. శీర్షికలో ఉన్నది దక్షిణ ఇండియాలోని నెల్లూరు జిల్లా యని. ఆంధ్ర అను మాటయే లేదు, ఉండుటకును వీలులేదు. ఇచట మరియొక చిక్కు కూడ కలదు. కనిగిరి, పొదిలి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో అవి క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము జిల్లా యని పేరు వచ్చెను. కనిగిరివాడు ప్రకాశమని పెట్టి వెదకినచో తన తాతలనాటి వ్యాసము వానికి దొరకదు. అటులనే నల్లగొండ జిల్లా 2016లో మూడు జిల్లాలైనది. సూర్యాపేటవాడు సూర్యాపేట అని మాత్రమే వెదకినచో 1955 నాటి వ్యాసము వాని కంటబడదు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లే యగును.

వ్యాసమును వెదకుటయనగా దాని రచయిత దానికి ఏ పేరు పెట్టెనో ఆ పేరుతో దానిని పిలుచుట. యంత్రము ఎంత గొప్పదైనను అది ముఖ్యముగా అక్షరములను పోల్చి చూచునదే. ఈ విషయమున గ్రామవాసికి ఒక లాభము కలదు. ఏ తాలూకా ఎప్పుడు ఏ జిల్లాలోనుండి ఏ జిల్లాలోనికి పోయెనో, ఏ ఊరికి పూర్వమేమి పేరో, కచేరీ కాగితములలో దానిని ఎట్లు వ్రాసెడివారో ఊరిలోని పెద్దలకు తెలియును. లండనులో కూర్చున్న ఆచార్యునకు అది తెలియదు. వెదకుటకు ముందు అట్టి పెద్దలనడిగి ఒక కాగితముమీద పాత పేర్లన్నియు వ్రాసికొనుట సగము పని చేసికొనుటయే.

ఊళ్ల పేర్లవలెనే వ్యాధుల పేర్లును మారుచుండును. నేడు దంతఫ్లోరోసిస్ అనబడుదానిని 1930 ప్రాంతమున వైద్యులు "మాటిల్డ్ ఎనామెల్", అనగా మచ్చలుపడిన పంటిపైపూత, అనుచుండిరి. ఫ్లోరైడు అనుటకు ఫ్లోరిన్ అనుటయు వాడుకలో నుండెను. ఈ చిక్కును తీర్చుటకే గ్రంథాలయ శాస్త్రజ్ఞులు విషయశీర్షికలను కల్పించిరి. అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యుడు 1879లో ఇండెక్స్ మెడికస్ అను పేర వైద్యవ్యాసముల సూచికను ఆరంభించెను. 1960లో ఆ దేశపు జాతీయ వైద్యగ్రంథాలయము ఏ విషయమునకు ఏ శీర్షిక వాడవలెనో నిర్ణయించి మెష్ అను శీర్షికల పట్టికను ప్రకటించెను. 1964లో ఆ సూచిక కంప్యూటరునకెక్కెను. 1997లో పబ్‌మెడ్ అను పేర లోకములోని వారికందరికిని ఉచితముగా తెరవబడెను. అచ్చు సూచిక 2004తో ఆగిపోయినది. పబ్‌మెడ్‌లో నేడు మూడున్నర కోట్లకు మించిన వ్యాసముల వివరములు గలవు. రచయిత మచ్చల పన్ను అనినను, దంతఫ్లోరోసిస్ అనినను, సూచికలో రెండును ఒకే శీర్షిక క్రిందికి చేరును. ఆ శీర్షికను పట్టుకొన్నవాడు రచయితల మాటల భేదమునకు భయపడనక్కరలేదు. ఈ శీర్షికలను పూర్వము చదువరులైన మనుష్యులే వ్యాసమును చూచి యిచ్చుచుండిరి. 2022 నుండి ఆ పనిని ముఖ్యముగా యంత్రమే చేయుచున్నది, మనుష్యులు సరిచూచుచున్నారు. ఏది మేలో కాలమే చెప్పవలెను గాని, శీర్షికను నమ్మి రచయిత మాటను విడుచుట మాత్రము నేడును క్షేమము కాదు. రెండింటితోను వెదకవలెను.

రెండింటితోను వెదకుటకు ఒక సాధనము కలదు. ఇంగ్లీషు గణితజ్ఞుడు జార్జ్ బూల్ 1854లో ఆలోచనా నియమములను గణితముగా చూపుచు ఒక గ్రంథమును వ్రాసెను. ఆయన పేరిటనే ఆండ్, ఆర్, నాట్ అను మూడు మాటల పద్ధతి వచ్చినది. ఆండ్ పెట్టినచో రెండు మాటలును ఉన్న వ్యాసములే వచ్చును. ఆర్ పెట్టినచో వానిలో ఏ ఒక్కటి యున్నను వచ్చును. నాట్ పెట్టినచో ఆ మాట గలవి తొలగును. ఒకే వస్తువునకు గల పలు పేర్లను ఆర్‌తో కలిపి కుండలీకరణములలో నుంచి, వేర్వేరు విషయములను ఆండ్‌తో కలుపుట పద్ధతి. ఫ్లోరోసిస్ ఆర్ ఫ్లోరైడ్ ఆర్ ఫ్లోరిన్ అనునది ఒక గుంపు, నల్గొండ ఆర్ నెల్లూర్ ఆర్ హైదరాబాద్ ఆర్ మద్రాస్ అనునది మరియొక గుంపు, నడుమ ఆండ్. పబ్‌మెడ్‌లో ఈ మూడు మాటలను ఇంగ్లీషు పెద్ద అక్షరములలో వ్రాయవలెను. నాట్ అను మాటతో జాగరూకత వలయును. ఆఫ్రికా వ్యాసములు వలదని నాట్ ఆఫ్రికా అనినచో, తెలుగుదేశమును ఆఫ్రికాతో పోల్చి వ్రాసిన మేలైన వ్యాసము కూడ వెళ్లిపోవును.

మాట మొదటి భాగమును వ్రాసి చివర నక్షత్రపు గుర్తు పెట్టినచో ఆ భాగముతో మొదలగు మాటలన్నియు వచ్చును. ఇది సులువుగా తోచును. కాని ఫ్లోరైడు మాటకు ఇంగ్లీషున గల మొదటి అయిదక్షరములు వ్రాసి నక్షత్రము పెట్టినచో, అవే యక్షరములతో మొదలగు ఫ్లోరెసెన్స్ అను కాంతిశాస్త్రపు మాట గల వ్యాసములు వేలకు వేలు వచ్చి మీదపడును. అట్టి వరదలో కావలసిన మూడు పుటల వ్యాసము మునిగిపోవుట నిశ్చయము.

క్రొత్తవారు తరచుగా చేయుపని, దొరకనప్పుడు మాటలను పెంచుట. నిజమునకు తగ్గింపవలెను. పాత వ్యాసములకు సంగ్రహము అచ్చులో ఉండెడిది కాదు. డేటాబేసులో వానికి శీర్షిక, రచయిత, పత్రిక, సంపుటము, పుట మాత్రమే యుండుట కలదు. ఏడెనిమిది మాటలు పెట్టినచో అన్నియు శీర్షికలో నుండుట అసంభవము. గూగుల్ స్కాలర్ సంగతి వేరు. 2004లో ఆరంభమైన ఆ సాధనము వ్యాసపు లోపలి పాఠమును కూడ శోధించును. అందుచేత పబ్‌మెడ్‌లో చిక్కనిది అందు చిక్కవచ్చును. కాని ఏది శాస్త్రపత్రికయో, ఏది డబ్బు పుచ్చుకొని పరీక్షింపక అచ్చువేయు పత్రికయో అది వేరుచేసి చెప్పదు. ఆ భారము చదువరిదే.

రచయితల పేర్లతో వెదకునపుడు తెలుగువారికి ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. తెలుగువారి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పాశ్చాత్య సూచికలు కడపటి మాటనే ఇంటిపేరుగా గ్రహించును. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తమూత్రాదులలో భాస్వరమును కొలుచు పద్ధతిని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించిరి. లోకమున అది ఫిస్కే-సుబ్బారో పద్ధతియని పేరుకెక్కినది. వారి పేరు ఇంగ్లీషున ఒకే మాటగా, రావ్ అనుటకు రో అను వర్ణక్రమముతో అచ్చయినది. ఎల్లాప్రగడ యని వెదకినను, నేటి వాడుక చొప్పున సుబ్బ, రావు అని రెండు మాటలుగా వెదకినను ఆ వ్యాసము చేతికి రాదు. అంతటి మహనీయుని వ్యాసమే దొరకనప్పుడు సామాన్య పరిశోధకుల మాట చెప్పనేల? కావున తెలుగు పేరును ఇంగ్లీషున ఎన్ని విధముల వ్రాయవచ్చునో అన్ని విధములను పరీక్షింపవలెను.

ఒక్క మంచి వ్యాసము దొరకిన పిమ్మట మాటలతో వెదకుట కొంత మానవచ్చును. వ్యాసపు చివర రచయిత తాను చదివిన వ్యాసముల పట్టిక నిచ్చును. అది వెనుకకు పోవు దారి. ముందునకు వచ్చు దారి కూడ కలదు. ఆ వ్యాసమును తరువాత ఎవరెవరు ఉదాహరించిరో చూచుటయే అది. అమెరికా న్యాయవాదులు ఒక తీర్పును తరువాతి తీర్పులలో ఎచ్చట పేర్కొనిరో చూచుకొనుటకు 1873 నుండియే షెపర్డ్ సూచికను వాడుచుండిరి. దానిని చూచి యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో శాస్త్రవ్యాసములకును అట్టిది కావలెనని సైన్స్ పత్రికలో వ్రాసి, తరువాత తానే దానిని నిర్మించెను. నేడు గూగుల్ స్కాలర్‌లో ప్రతి వ్యాసము క్రిందను దానిని ఉదాహరించిన వ్యాసముల సంఖ్య కనబడును. దానిని నొక్కినచో ఆ వ్యాసములన్నియు వచ్చును.

నెల్లూరు వ్యాసమునుండి ఈ దారిని పట్టి ముందునకు నడచిన పాఠకునకు నల్లగొండ వ్యాసము తగులును. అచటినుండి 1973లో లాన్సెట్ పత్రికలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు వ్రాసిన వ్యాసము తగులును. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులు లక్షణమును వారు ఫ్లోరోసిస్ ప్రాంతమున గుర్తించి వ్రాసిరి. దానికి వైద్యులిచ్చిన పేరు జెను వాల్గమ్. ఈ లాటిను మాట ఎరుగనివాడు వాడుక మాటలతో ఎంతకాలము వెదకినను ఆ వ్యాసమును పట్టుట కష్టము. ఉదాహరణల దారిని వచ్చినవానికి మాట తెలియకయే వ్యాసము దొరకును, వ్యాసములో మాటయు దొరకును.

తరువాత ఆశ్చర్యకరమైన దొకటి కలదు. నల్గొండ అను ఒక్క మాటతో వెదకినచో ఇథియోపియా, టాంజానియా దేశముల వ్యాసములు కూడ వచ్చును. ఇది యంత్రపు పొరపాటు కాదు. నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు 1975లో పటిక, సున్నము కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టి నీటినుండి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని ప్రకటించి దానికి నల్గొండ పద్ధతి యని పేరుపెట్టిరి. ఫ్లోరైడు బాధగల తూర్పు ఆఫ్రికా దేశములలో దానిని పరీక్షించి చూచిరి. నల్లగొండ జిల్లావాసి తన ఊరి నీటికి సంబంధించిన అనుభవమును ఆఫ్రికావారి వ్యాసములలో చదువగలడు. నీటిలో పటిక తాలూకు అల్యూమినియము మిగులుట, అడుగున చేరు బురదను ఎచ్చట పారబోయవలెనను చిక్కు, ప్రతిదినము కొలత తప్పక మందులు కలుపుటకు మనుష్యులు కావలసి వచ్చుట - ఈ లోపములను పరిశోధకులు దాచక వ్రాసిరి. పంచాయతీ సభలో క్రొత్త శుద్ధియంత్రమును గురించి తీర్మానము చేయుటకు ముందు ఇట్టి వ్యాసము ఒక్కటి చదివినను సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు వేరగును.

ఇక పూర్తి పాఠము చేజిక్కించుకొనుట. 1937 నాటి గెజెట్, 1955 నాటి బ్రిటిష్ జర్నల్ పబ్‌మెడ్ సెంట్రల్ అను భాండాగారమున ఉచితముగా దొరకును. విశ్వవిద్యాలయముల సిద్ధాంతవ్యాసములు శోధ్‌గంగలో ఉచితమే. 1973 నాటి లాన్సెట్ వ్యాసమునకు వెల చెల్లింపవలెను. ఆ వెల గ్రామస్థునకు తగినది కాదు. కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరులో ఒకే దేశము ఒకే చందా అను పథకమును ఆమోదించి, మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 2025 జనవరి నుండి ముప్పదిమంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ కళాశాలలకును, విశ్వవిద్యాలయములకును, కేంద్ర పరిశోధన సంస్థలకును అందజేసినది. కొనియాడదగిన పనియే. అయితే ఆ పథకమును గ్రామ గ్రంథాలయములకై రూపొందింపలేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపన్ను చెల్లించు గ్రామస్థుడు తన జిల్లా నీటిని గురించి, ప్రజల ధనముతో నడచు సంస్థ వ్రాసిన వ్యాసమును చదువుటకు మరల వెల చెల్లింపవలసియుండుట న్యాయముగా కనబడదు. ప్రస్తుతమునకు సమీపమున నున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల గ్రంథపాలకుని ఆశ్రయించుట ఒక ఉపాయము. వ్యాసరచయితకే ఈమెయిలు వ్రాసి ప్రతిని మర్యాదగా కోరుట మరియొక ఉపాయము. పలువురు సంతోషముతో పంపుదురు.

కృత్రిమమేధతో సంభాషించు సాధనములు వచ్చిన పిమ్మట, వ్యాసముల పట్టికను వానినే అడుగువారు ఎక్కువైరి. వెదకవలసిన మాటలను, లాటిను పేర్లను చెప్పించుకొనుటకు అవి మిక్కిలి ఉపయోగించును. కాని అవి లేని వ్యాసమునకు రచయితను, సంపుటమును, పుటసంఖ్యను గూడ కల్పించి చెప్పుట కలదు. న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అట్లు కల్పింపబడిన తీర్పులను కోర్టులో దాఖలుచేసి 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానాకు గురియైరి. యంత్రము చెప్పిన ప్రతి శీర్షికను డేటాబేసులో వెదకి, వ్యాసమును కన్నులార చూచిన పిదపనే నమ్మవలెను. ఉన్న వ్యాసమైనను తరువాత ఉపసంహరింపబడెనేమో చూడవలెను. 1998లో లాన్సెట్‌లో అచ్చయిన వేక్‌ఫీల్డ్ వ్యాసమును, టీకాలమీద లోకమున పెద్ద భయమును పుట్టించిన పిమ్మట, ఆ పత్రిక 2010లో ఉపసంహరించెను. పబ్‌మెడ్ అట్టి సంగతిని పైననే చూపును.

ఎన్ని వ్యాసములు దొరకినను ఒక్కటి మాత్రము వానిలో నుండదు: ఈ యేడు ఈ ఊరి బావినీటిలో ఫ్లోరైడు ఎంత యను లెక్క. అది పరీక్షశాలలోనే తేలవలెను. భారత ప్రమాణము లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరు నీటివసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. నీటి నమూనాను పంపునపుడు ఫ్లోరైడును ప్రత్యేకముగా కొలువుడని వ్రాయవలెనని వ్యాసములు చదివినవానికి తెలియును.

వెదకిన ప్రతి దినము గ్రంథాలయమున ఒక పుస్తకములో తేదీ, ఏ డేటాబేసు, ఏ మాటలు, ఎన్ని వచ్చినవి, ఏది పనికివచ్చినది అను వివరములు వ్రాసి యుంచవలెను. ఏ మాటలతో ఏమియు దొరకలేదో అదియు వ్రాయవలెను. తాలూకాల పాత పేర్లు, వ్యాధుల పాత పేర్లు, రచయితల పేర్ల వర్ణక్రమములు ఆ పుస్తకపు చివరి పుటలలో అకారాది క్రమమున చేరినచో, రేపు వేరొక గ్రామమునుండి వేరొక ప్రశ్నతో వచ్చిన పాఠకుడు ఆ పుటలు తెరచి అక్కడినుండియే మొదలిడగలడు.